దంతవైద్య విద్యార్థులకు ఇంగ్లీషు పదబంధాలు: ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది?

పళ్ళు తోముకుంటాం. పుచ్చిపోతే పీకించుకుంటాం. ఊడిన చోట పళ్ళు కట్టించుకుంటాం. పళ్ళు ఉతుక్కుంటామని గాని, పళ్ళు నిర్మించుకుంటామని గాని తెలుగువాళ్ళెవరూ అనరు. ఎందుకు అనరో వ్యాకరణం చెప్పదు. ఏ మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన చెవికి తెలుసు. ఇంగ్లీషులో ఇలాంటి జతలను కొలొకేషన్లు అంటారు. 1950లలో బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ ఆ మాటకు భాషాశాస్త్రంలో స్థానం కల్పించాడు. ఇక్కడ వాటిని పదబంధాలు అనుకుందాం.

మన బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) విద్యార్థులకు లోటు పారిభాషిక పదాల్లో ఉండదు. 'ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నర్వ్' అన్న కింది దవడ నరం పేరు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ నరానికి మత్తు బ్లాకు ఇచ్చిన సంగతి ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చినప్పుడు 'డూ' అనాలా, 'పుట్' అనాలా, 'గివ్' అనాలా అన్న దగ్గర ఆగిపోతారు. మాటల్లో 'గివ్', రాతలో 'అడ్మినిస్టర్' అని ఎవరూ విడిగా కూర్చోబెట్టి చెప్పి ఉండరు. నాలుగేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఇంగ్లీషులోనే సాగుతాయి గాని యూనివర్సిటీ పరీక్షల్లో ఇంగ్లీషుకు విడిగా పేపరు లేదు. పేపరు లేని విషయాన్ని మన కాలేజీల్లో ఎవరు పట్టించుకుంటారు?

నేర్పడానికి దారులు చాలానే ఉన్నాయి. జాబితా ఇచ్చి బట్టీ పట్టించడం, పేషెంటు వివరాలు రాసే కేసు షీట్ల నుంచి ఏరడం, కార్పస్ అనే భాషా భాండాగారంలో వెతికించడం, ఫోనులో కార్డులు తిప్పించడం, డాక్టరు–పేషెంటు పాత్రలు వేయించడం, ఇప్పుడు కొత్తగా ఏఐ చాట్. వీటిలో ఏది మేలని అడిగేవాళ్ళకు నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: ఆ మాట ఎవరి చెవిన పడబోతోంది? అది తేలితే పద్ధతి సగం తేలినట్టే.

తప్పు పుట్టే చోటు

ముందు తప్పులను చూద్దాం. జబ్బు తెలియకుండా మందు ఎంచలేం కదా.

మొదటిది 'నుంచి'. పేషెంటు 'వారం రోజుల నుంచి నొప్పి' అంటాడు. విద్యార్థి 'పెయిన్ సిన్స్ వన్ వీక్' అని రాస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, దేశమంతటా కేసు షీట్లలో ఈ 'సిన్స్' కనిపిస్తుంది. సోమవారం నుంచి అయితే 'సిన్స్' సరే. వారం అనే వ్యవధికి మాత్రం 'ఫర్' కావాలి.

రెండోది 'చేయు'. తెలుగులో ఏ ఇంగ్లీషు నామవాచకం వచ్చినా వెనక 'చేయు' తగిలించి పని జరిపిస్తాం: స్కేలింగ్ చేశాం, ఫిల్లింగ్ చేశాం, ఎక్స్‌ట్రాక్షన్ చేశాం. ఆ అలవాటు తిరిగి ఇంగ్లీషులోకి వెళ్ళి అన్నిటికీ 'డన్' అవుతుంది. నిజానికి ఇంగ్లీషు ఒక్కో పనికి ఒక్కో క్రియను కోరుతుంది. కుహరాన్ని 'ప్రిపేర్' చేస్తారు, ఫిల్లింగును 'ప్లేస్' చేస్తారు, క్రౌనును (పంటి తొడుగును) 'సిమెంట్' చేస్తారు, ఎక్స్‌రేను 'టేక్' చేస్తారు, కుట్లను 'ప్లేస్' చేసి తర్వాత 'రిమూవ్' చేస్తారు. కేసు షీటులో ఒక మూల 'స్కేలింగ్ డన్' అని గిలికితే ఎవరూ తప్పు పట్టరు. అదే మాట థీసిస్‌లోనో, పేషెంటును మరో వైద్యుడికి పంపే రెఫరల్ ఉత్తరంలోనో ఉంటే చదివేవాళ్ళకు నలుసులా గుచ్చుకుంటుంది.

మూడోది కాస్త చిత్రమైనది. 'పెయిన్ అగ్రవేట్స్ ఆన్ చ్యూయింగ్ అండ్ రిలీవ్స్ ఆన్ మెడికేషన్' అన్న వాక్యం మన డెంటల్ కాలేజీల్లో తరతరాలుగా చేతులు మారుతోంది. సీనియర్ రాసింది చూసి జూనియర్ రాస్తారు. అక్కడ నొప్పి తానే దేన్నో పెంచుతోంది, తానే దేన్నో తగ్గిస్తోంది! నమలడం వల్ల నొప్పి పెరుగుతుంది, మందు వల్ల తగ్గుతుంది. కాబట్టి 'ఈజ్ అగ్రవేటెడ్ బై', 'ఈజ్ రిలీవ్డ్ బై' అనాలి. మాటల్లోనైతే 'గెట్స్ వర్స్' చాలు.

నాలుగోది అన్నిటికంటే విలువైనది: నొప్పికి పెట్టే విశేషణం. ఇక్కడ పదబంధం భాషకు అలంకారం కాదు, రోగనిర్ధారణలో భాగం. చల్లనిది తగలగానే చురుక్కుమని, తీయగానే పోయే నొప్పి 'షార్ప్ పెయిన్ ఆఫ్ షార్ట్ డ్యురేషన్' అయితే పంటి లోపలి గుజ్జు కోలుకునే దశలో ఉందని అనుమానిస్తారు. చల్లనిది తీసేశాక కూడా నిలిచి సలిపే 'లింగరింగ్ పెయిన్' అయితే కథ రూట్ కెనాల్ వైపు నడుస్తుంది. కొరికినప్పుడు, ముఖ్యంగా కొరికి వదిలినప్పుడు వచ్చే 'షార్ప్ పెయిన్' పగిలిన పన్నును గుర్తు చేస్తుంది. పన్ను మీద తట్టితే నొప్పి పుట్టే 'టెండర్ ఆన్ పెర్కషన్' మాట పంటి వేరు కొన చుట్టూ వాపును సూచిస్తుంది. ఇన్ని తేడాలున్న చోట విద్యార్థి 'స్ట్రాంగ్ పెయిన్' అని రాస్తే భాషా పోయింది, సమాచారమూ పోయింది. బలమైన నొప్పికి అసలు జోడీ 'సివియర్'.

మన పేషెంట్లు ఈ తేడాలను తెలుగులో ఎంతో కచ్చితంగా చెబుతారు. పన్ను జివ్వుమంటోంది అంటారు, సలుపుతోంది అంటారు, పోట్లు పొడుస్తోంది అంటారు, నొప్పి చెవిదాకా లాగుతోంది అంటారు. జివ్వుమనడం 'సెన్సిటివ్ టు కోల్డ్' దగ్గరికి, సలపడం 'థ్రాబింగ్' దగ్గరికి, పోట్లు 'షూటింగ్' దగ్గరికి, చెవిదాకా లాగడం 'రేడియేట్స్ టు ద ఇయర్' దగ్గరికి వెళతాయి. తెలుగు పేషెంటు నోటి మాట మంచి పాఠ్యపుస్తకం. దాన్ని వదిలేసి ఎక్కడో లండన్‌లో తయారైన అభ్యాసాల పుస్తకం తెరవడం నాకు మింగుడు పడదు.

ముందు తేల్చుకోవలసింది

ఇంగ్లీషు పదబంధం ఒకటే ఒప్పు, మిగతావి తప్పు అనుకుంటే ఇబ్బందే. మన కాలేజీల కేసు షీటుకు దానిదంటూ ఒక భాష ఉంది. 'పేషెంట్ వాజ్ అపేరెంట్లీ ఆల్‌రైట్ వన్ మంత్ బ్యాక్' అంటూ చరిత్ర మొదలవుతుంది. మధుమేహం ఉంటే 'నోన్ కేస్ ఆఫ్ డయాబెటిస్'. పుచ్చు ఏ పన్నుకో చెప్పడానికి 'ఐఆర్‌టీ', అంటే 'ఇన్ రిలేషన్ టు'. పళ్ళు శుభ్రం చేయడానికి 'ఓరల్ ప్రొఫిలాక్సిస్'. ఇక్కడ వైవాకు (మౌఖిక పరీక్షకు) వచ్చే ఎగ్జామినరు ఇవి విని తల ఊపుతారు. ఇవే మాటలు బ్రిటన్‌లో ఒక వైద్యుడికి రాసే ఉత్తరంలో పెడితే ఆయన ఐఆర్‌టీ అంటే ఏమిటో వెతుక్కోవాలి. అక్కడ 'హ్యాజ్ డయాబెటిస్' అంటే సరిపోతుంది, శుభ్రం చేయడాన్ని 'స్కేల్ అండ్ పాలిష్' అంటారు. మనం 'టెండర్ ఆన్ పెర్కషన్' అంటే వాళ్ళలో ఎక్కువమంది 'టెండర్ టు పెర్కషన్' అంటారు.

దేశం దాకా వెళ్ళక్కర్లేదు, విభాగం మారినా మాట మారుతుంది. పళ్ళ అచ్చు తీయడాన్ని లోకమంతా 'టేక్ యాన్ ఇంప్రెషన్' అంటుంటే, కట్టుడు పళ్ళ విభాగంలో పట్టింపున్న ప్రొఫెసర్లు ఇంప్రెషన్‌ను 'మేక్' చేస్తామే తప్ప 'టేక్' చేయమని విద్యార్థులను సరిదిద్దుతారు. ఆ విభాగం వైవాలో వాళ్ళ మాటే చెల్లుతుంది. వాదించి మార్కులు పోగొట్టుకోవడంలో ఘనత ఏమీ లేదు.

పన్ను నంబరూ ఇంతే. కింది ఎడమవైపు మొదటి పెద్ద దవడపన్ను మనకు 36. దాన్ని 'థర్టీ సిక్స్' అని కాకుండా 'త్రీ సిక్స్' అని చదవాలి, ఎందుకంటే మొదటి అంకె నోటి భాగాన్ని, రెండోది పన్నును చెబుతుంది. అమెరికాలో అదే పన్ను 19, దాన్ని 'నైన్‌టీన్' అనే చదువుతారు.

కాబట్టి గమ్యాలు నాలుగు రకాలు: ఇక్కడి కేసు షీటు, వైవా; విదేశాల్లో పేషెంటు, రెఫరల్ ఉత్తరం; ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) థీసిస్, పత్రికా వ్యాసం; ఊళ్ళో సొంత క్లినిక్. ఇక పద్ధతుల సంగతి.

జాబితాల బట్టీ

ఖర్చు లేదు, తయారీ తేలిక, వంద మంది కూర్చునే క్లాసులో కూడా నడుస్తుంది. అందుకే ఎక్కువమంది అధ్యాపకులు దీనివైపే మొగ్గుతారు. దీని బలం దీనికి ఉంది. మొదటి సంవత్సరంలో పంటి ఉపరితలాల పేర్లు, వాటి కలయికలు స్థిరమైన వరుసలో ఉంటాయి: 'మీజియో-అక్లూజల్', 'డిస్టో-అక్లూజల్', మూడూ కలిస్తే 'మీజియో-అక్లూజో-డిస్టల్'. ఇలాంటివి బట్టీకి లొంగుతాయి, లొంగాలి కూడా.

క్రియల దగ్గరికి వచ్చేసరికి జాబితా చేతులెత్తేస్తుంది. నామవాచకాలనే వరుసగా పేరిస్తే పక్కన ఉండాల్సిన 'ప్లేస్', 'అడ్మినిస్టర్' రాలిపోతాయి. పైగా పోలికలున్న వాటిని ఒకే రోజు పక్కపక్కన ఇచ్చి, 'డల్, షార్ప్, థ్రాబింగ్, షూటింగ్, లింగరింగ్' అని వల్లె వేయిస్తే వారం తిరిగేసరికి ఒకదానికొకటి కలిసిపోతాయి. ఒక్కోదాన్ని ఒక్కో పేషెంటు కథతో, వేర్వేరు రోజుల్లో ఇస్తే నిలుస్తాయి. జాబితానే నమ్ముకున్న కోర్సులో చేరమని నేను ఎవరికీ చెప్పను.

కేసు షీటు నుంచి ఏరుకోవడం

నా ఓటు దీనికి. మూడో సంవత్సరం నుంచి విద్యార్థులు క్లినిక్కులో అడుగుపెడతారు, పేషెంటును చూస్తారు, షీటు రాస్తారు, పీజీ విద్యార్థి దిద్దుతారు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఇంతకంటే సహజమైన సందర్భం డబ్బు పోసినా దొరకదు.

చేయాల్సింది ఇది. ఒక పొడుగు నోటుబుక్కులో పేజీని నాలుగు గడులు చేయాలి. మొదటి గడిలో పేషెంటు అన్న తెలుగు మాట, ఉన్నది ఉన్నట్టు. రెండో గడిలో కేసు షీటు ఇంగ్లీషు. మూడో గడిలో అదే సంగతి ఇంగ్లీషు మాట్లాడే పేషెంటుతో ఎలా చెబుతామో. నాలుగో గడిలో మరో వైద్యుడికి ఉత్తరం రాస్తే ఎలా రాస్తామో. ఉదాహరణకు 'పన్ను కదులుతోంది' అన్నది మొదటి గడి. రెండో గడిలో 'గ్రేడ్ టూ మొబిలిటీ'. మూడో గడిలో 'లూజ్ టూత్'. నాలుగో గడిలో, ఆ పన్ను 'ఎగ్జిబిట్స్ గ్రేడ్ టూ మొబిలిటీ' అన్న పూర్తి వాక్యం. అలాగే 'చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది' అన్నదానికి షీటులో 'బ్లీడింగ్ ఆన్ ప్రోబింగ్' అని రాస్తాం, పేషెంటుతో 'బ్లీడింగ్ గమ్స్' అంటాం. పంటిగారకు షీటులో 'క్యాల్‌క్యులస్', పేషెంటుతో 'టార్టర్'. పీకాల్సిన పన్నుకు షీటులో 'ఇండికేటెడ్ ఫర్ ఎక్స్‌ట్రాక్షన్', పేషెంటుతో 'వీ నీడ్ టు టేక్ దిస్ టూత్ అవుట్'.

మూడో గడి నింపడానికి విద్యార్థులు బద్ధకిస్తారు. ఇక్కడ పేషెంటుతో తెలుగులోనో ఉర్దూలోనో మాట్లాడుతున్నప్పుడు ఇది ఎందుకని అడుగుతారు. విదేశాలకు వెళ్ళే ఆలోచన లేనివాళ్ళు దాన్ని నిజంగానే వదిలేయవచ్చు, నాకు అభ్యంతరం లేదు. వెళ్ళేవాళ్ళకు మాత్రం ప్రాణం ఆ గడిలోనే ఉంది.

వారానికి ఎనిమిదీ పదీ మించకూడదు. ఎక్కువ ఏరితే అది మళ్ళీ జాబితా అయిపోతుంది. పేషెంటు పేరు, ఫోను నంబరు, ఓపీ నంబరు నోటుబుక్కులోకి ఎక్కకూడదు. ఈ మాట ప్రతి బ్యాచికీ మళ్ళీ మళ్ళీ చెప్పాల్సిందే.

ఈ పద్ధతికి పెద్ద లోపం ఒకటుంది: షీటులో ఉన్న తప్పు కూడా నోటుబుక్కులోకి ఎక్కుతుంది. 'అగ్రవేట్స్ ఆన్' అలా ఎక్కిందే. అందుకే ఏరిన వాటిని జల్లించే మనిషి గాని, సాధనం గాని కావాలి. కార్పస్ పనికొచ్చేది అక్కడే.

కార్పస్, నిఘంటువు, పబ్‌మెడ్

కార్పస్ అంటే నిజంగా రాసిన, మాట్లాడిన భాషను కోట్ల మాటల మేర పోగుచేసి వెతికే వీలు కల్పించిన భాండాగారం. సమకాలీన అమెరికన్ ఇంగ్లీషు కార్పస్‌లో వంద కోట్లకు పైగా మాటలున్నాయి. స్కెచ్ ఇంజిన్ వాళ్ళ ఉచిత రూపం స్కెల్‌లో ఒక మాట కొడితే దాని పక్కన తరచుగా వచ్చే క్రియలు, విశేషణాలు వరుస కట్టి కనిపిస్తాయి. వినడానికి అద్భుతం. కానీ పంటి వైద్యం దగ్గర ఇవి తమాషా చేస్తాయి.

'పెర్కషన్' అని కొట్టి చూడండి, డప్పులూ డ్రమ్ములూ వస్తాయి. 'క్రౌన్' అంటే రాజుగారి కిరీటం, 'బ్రిడ్జ్' అంటే నది మీద వంతెన, 'పాకెట్' అంటే చొక్కా జేబు, 'ఎక్స్‌ట్రాక్షన్' అంటే గనుల్లో తవ్వకం, 'ఫిల్లింగ్' అంటే తినుబండారంలో కూరే పదార్థం. మామూలు పదబంధాల నిఘంటువుల పరిస్థితీ దాదాపు ఇదే. కాబట్టి పంటి మాటల కోసం వీటిని తెరవకండి. అన్ని శాస్త్రాలకూ ఉమ్మడి మాటల కోసం తెరవండి: 'ఎవిడెన్స్' పక్కన ఏ క్రియ, 'డిఫరెన్స్' పక్కన 'సిగ్నిఫికెంట్' ఎలా కూర్చుంటుంది, 'రిస్క్' తర్వాత 'ఆఫ్' ఎప్పుడు, 'ఫర్' ఎప్పుడు. థీసిస్ రాసే ఎండీఎస్ విద్యార్థికి ఇది బంగారం, రెండో సంవత్సరం బీడీఎస్ విద్యార్థికి కాలక్షేపం.

పంటి మాటలకే కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి పబ్‌మెడ్. ఉచితం, వైద్య వ్యాసాల సారాంశాలు కోట్లలో ఉన్నాయి. పదబంధాన్ని జంట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికి, రెండు రూపాల్లో దేనికి ఎక్కువ ఫలితాలు వచ్చాయో పోల్చవచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. కొన్ని పదబంధాలు దాని పదబంధాల పట్టికలో లేకపోతే దొరకలేదని చెబుతుంది. అంతమాత్రాన ఆ పదబంధం తప్పు కాదు. రెండోది, అందులో మన దేశపు వ్యాసాలూ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మన అలవాటు తప్పులు అక్కడా గుంపుగా కనిపించి ధైర్యం చెబుతాయి. సంఖ్య ఒక్కటే చూడకుండా ఎవరు రాశారో, ఏ పత్రికలో వచ్చిందో కూడా చూడాలి.

రెండో దారి కాస్త శ్రమతో కూడినది, మొండి అధ్యాపకులకు తగినది: సొంత కార్పస్. టోక్యోలోని వాసెడా విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ ఆంథొనీ తయారుచేసిన ఆంట్‌కాంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దంతవైద్య పత్రికల్లోని, అందరికీ అందుబాటులో ఉన్న వ్యాసాలను టెక్స్ట్ ఫైళ్ళుగా మార్చి అందులో వేస్తే, 'రెస్టొరేషన్' అన్న మాట ముందూ వెనకా ఏమి వస్తున్నాయో వరుసల్లో చూపిస్తుంది. ఇప్పుడు 'క్రౌన్' కిరీటం కాదు, క్రౌనే. ఒకసారి తయారుచేస్తే ఏళ్ళ తరబడి ఏ బ్యాచికైనా పనికొస్తుంది. విద్యార్థులను ముందే దీని ముందు కూర్చోబెట్టవద్దు. అధ్యాపకులు వెతికి, ముద్రించిన వరుసలను క్లాసులో పంచి, 'ఈ పదిహేను వాక్యాల్లో రెస్టొరేషన్ ముందు ఏ క్రియలు కనబడుతున్నాయి?' అని అడిగితే చాలు.

కార్డులు

మర్చిపోవడం ఎంత వేగంగా జరుగుతుందో 1885లోనే జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని ప్రచురించాడు. విరామాలు పెంచుకుంటూ మళ్ళీ మళ్ళీ చూస్తే నిలుస్తుందన్న సూత్రం మీదే ఆంకీ లాంటి యాప్‌లు నడుస్తాయి. ఆంకీ కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఉచితం, ఐఫోనులో డబ్బు కట్టాలి.

కార్డులు నేర్పవు, నేర్చుకున్నదాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతాయి. ఎవరో తయారుచేసిన వేల కార్డుల కట్టను దించుకుని తిప్పడం వృథా. నోటుబుక్కులో నింపిన గడులనే కార్డులుగా మార్చుకోవాలి. కార్డుకు ఒకవైపు క్రియ ఖాళీగా ఉన్న పూర్తి వాక్యం, రెండోవైపు ఆ క్రియ. ఒంటి పదం, దాని అర్థం రాసిన కార్డు పదబంధానికి పనికిరాదు.

పేషెంటు పాత్ర, డాక్టరు పాత్ర

బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్లకు వెళ్ళదలచినవాళ్ళు చాలామంది ఇంగ్లీషు పరీక్షలైన ఓఈటీ గాని ఐఈఎల్‌టీఎస్ గాని రాస్తారు. ఏ దేశపు కౌన్సిల్ ఏది, ఎంత స్కోరుతో ఒప్పుకుంటుందో నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసేనాటికి ఆ కౌన్సిల్ వెబ్‌సైట్ చూడాల్సిందే. మన విషయానికి ముఖ్యమైన తేడా ఒకటుంది. ఐఈఎల్‌టీఎస్ వృత్తితో సంబంధం లేని పరీక్ష. ఓఈటీలో రాత, మాట భాగాలు వృత్తిని బట్టి ఉంటాయి. అది గుర్తించే 12 వృత్తుల్లో దంతవైద్యం ఒకటి. రాతకు 45 నిమిషాలు, అందులో మొదటి 5 నోట్సు చదవడానికి, మిగతా 40 ఉత్తరం రాయడానికి. అది చాలావరకు రెఫరల్ ఉత్తరమే. మాటలో రెండు పాత్రపోషణలు. ఒక్కోదానికి సన్నద్ధం కావడానికి సుమారు 3 నిమిషాలు, మాట్లాడడానికి సుమారు 5 నిమిషాలు. మార్కులు వేసే ప్రమాణాల్లో సందర్భానికి తగిన భాష, పేషెంటు వైపు నుంచి ఆలోచించడం, సమాచారం రాబట్టడం, సమాచారం చెప్పడం ఉంటాయి.

అంటే ఇక్కడ 'మాస్టికేషన్' అన్నవాళ్ళు ఓడిపోతారు, 'చ్యూయింగ్' అన్నవాళ్ళు గెలుస్తారు. 'యు హ్యావ్ డీప్ కేరీస్' అనడం కంటే 'టూత్ డికే' అనడం మెరుగు. సూది గురించి 'లోకల్ అనస్థీషియా అడ్మినిస్టర్ చేస్తాం' అనకుండా 'నమ్ ద ఏరియా' అనాలి. కేసు షీటులో ఏళ్ళ తరబడి బరువైన మాటలు వాడి అలవాటైన నాలుకకు ఈ తేలిక మాటలే కష్టం. క్లినిక్కులో రాణించే విద్యార్థులు ఇక్కడ తడబడడం వింతేమీ కాదు.

ఈ అడ్డు దాటించేది పాత్రపోషణ ఒక్కటే. ఇద్దరు విద్యార్థులు, ఒక కార్డు, ఐదు నిమిషాలు. పేషెంటు పాత్రధారికి ఒక రహస్య ఆదేశం ఇవ్వండి: డాక్టరు నోట బరువైన వైద్యపదం వచ్చిన ప్రతిసారీ 'అదేమిటి డాక్టర్?' అని అడ్డుపడాలి. దీని లోపం కాలం. వంద మంది క్లాసులో కుదరదు. పది, పన్నెండు మంది క్లినికల్ బ్యాచిలో, పేషెంట్లు తక్కువగా ఉండే మధ్యాహ్నాల్లో బాగా కుదురుతుంది.

ఏఐ చాట్

పాత్రపోషణకు తోడు దొరకని రాత్రి ఇది ఉపయోగపడుతుంది. భయస్తుడైన పేషెంటువై ప్రశ్నలడుగు అంటే అడుగుతుంది, విసుక్కోదు. పదబంధాలకు న్యాయనిర్ణేతగా మాత్రం దీన్ని పెట్టుకోవద్దు. బ్రిటిష్, అమెరికన్ వాడుకలను కలిపేస్తుంది, సందేహం ఉన్న చోట కూడా నిబ్బరంగా జవాబిస్తుంది. పేషెంటు వివరాలు, నోటి ఫోటోలు అందులో పెట్టడం ఏ పరిస్థితిలోనూ తగదు.

నేర్పేది ఎవరు?

పద్ధతి కంటే ఇది పెద్ద ప్రశ్న కావచ్చు. ఇంగ్లీషు లెక్చరరుకు 'సిన్స్', 'ఫర్' తేడా తెలుసు, 'బ్లీడింగ్ ఆన్ ప్రోబింగ్' తెలియదు. తెలియక దాన్ని 'వైల్ ప్రోబింగ్' అని దిద్దిన సందర్భాలూ ఉంటాయి. దంత విభాగపు పీజీకి 'ప్రోబింగ్' తెలుసు, 'సిన్స్ వన్ వీక్' ఆయన కంటికే ఆనదు. ఒకరినే ఎంచుకోవలసి వస్తే నేను పీజీనే ఎంచుకుంటాను, ఎందుకంటే షీటు దిద్దేది ఆయనే, విద్యార్థి భయపడేదీ ఆయనకే. ఇద్దరూ కుదిరితే పీజీ ఏరాలి, ఇంగ్లీషు అధ్యాపకులు జల్లించాలి. విభాగంలో రిజిస్టరు పక్కన 'మన షీట్లలో తరచూ వచ్చే తప్పులు' అని ఒక పేజీ అంటించినా చాలా మేలు.

పరీక్ష పెట్టేటప్పుడు నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పద్ధతి వద్దు. ఊహతో కొట్టేస్తారు. పేర్లు చెరిపేసిన పాత కేసు షీటును ఇచ్చి తప్పులు పట్టమనండి. లేదా ఒక పేషెంటు తెలుగులో చెప్పిన బాధను చదివి వినిపించి, ఇంగ్లీషులో చరిత్ర రాయమనండి.

ఇక ఎంపిక

మొదటి, రెండో సంవత్సరాల్లో స్థిరమైన కలయికలకు బట్టీ, వాటికి కార్డులు చాలు. కార్పస్ జోలికి పోవద్దు. మూడో సంవత్సరం నుంచి ఇంటర్న్‌షిప్ ముగిసే వరకు నాలుగు గడుల నోటుబుక్కే వెన్నెముక, దానికి కార్డులు తోడు. డబ్బు కట్టే కోర్సు ఏదీ దీనికి అక్కర్లేదు.

విదేశాలకు వెళ్ళాలనుకునేవాళ్ళు ఇంటర్న్‌షిప్ మొదట్లోనే మూడో గడి మీద పడాలి. పరీక్షకు రెండు నెలల ముందు కోచింగ్‌లో చేరి మాటలు మార్చుకుందామంటే నాలుక వినదు. అమెరికా వైపు చూసేవాళ్ళు బ్రిటిష్ అలవాట్లను విడిగా గుర్తుపెట్టుకోవాలి. 'సర్జరీ' అంటే బ్రిటన్‌లో దంతవైద్యుడు కూర్చునే చోటు కూడా, అమెరికన్ పేషెంటుకు అది శస్త్రచికిత్స. అక్కడ చోటును 'ఆఫీస్' అంటారు. 'ఐ విల్ సీ యు ఇన్ ద సర్జరీ' అంటే కుర్చీలో కూర్చోకముందే భయపడిపోతారు.

ఎండీఎస్ విద్యార్థులు కేసు షీటు నోటుబుక్కును పక్కన పెట్టి ఆంట్‌కాంక్, పబ్‌మెడ్, స్కెల్ వైపు రావాలి. తమ అంశం మీద వచ్చిన మంచి వ్యాసాలు ఒక ముప్ఫై పోగుచేసుకుంటే థీసిస్ పొడవునా అక్కరకొస్తాయి. గైడు దిద్దే ఎర్ర గీతలు ఎక్కువగా పదబంధాల మీదే పడతాయని వాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది.

తెనాలిలోనో నల్గొండలోనో సొంత క్లినిక్ పెట్టుకునేవాళ్ళకు ఇదంతా అవసరం లేదు. వాళ్ళ పేషెంటు తెలుగులో సలుపుతోందంటాడు, వాళ్ళు తెలుగులో జవాబు చెబుతారు. వాళ్ళకు కావలసింది రెఫరల్ ఉత్తరపు ఇంగ్లీషు: రక్తం పల్చబడే మందులు వాడుతున్న పేషెంటు గురించి గుండె వైద్యుడిని అడిగే నాలుగు వాక్యాలు, 'ఫిట్ ఫర్ ఎక్స్‌ట్రాక్షన్' అని తేల్చమని కోరే తీరు, చదువుకునే రోజుల్లో నోటుబుక్కులో నింపిన నాలుగో గడి. నాలుగైదు పేజీలకు మించదు.